గోడ వీధి రాయి

…అదే చెప్తున్నా వదినా, ఇంతసేపు సాగదీస్తున్నానని ఏమనుకోకు. ఇందాక బటన్ మీంచి వేలు జారి వాయిస్ మెసేజ్ మధ్యలో తెగిపోయింది. నువ్వడిగింది గోరంత, నేను చెప్పేది కొండంత, నాకూ తెలుసు. కొత్త గోడ ఫోటో పంపితే గోడ బాగుందనకుండా, దాని ముందు రాయిని గుండెకి హత్తుకుని నిలబడ్డ ఆ మనిషెవరు, వాడికి పనీపాటా లేదా అని అడిగావు చూడు. వాడికున్నంత పని ఈ ఊళ్ళో ఎవరికీ లేదు వదినా. కానీ వాడి సంగతి చెప్పాలంటే ముందు వాళ్ళక్క సంగతి చెప్పాలి.

ఇస్త్రీ అక్క అంటాం అందరం. నువ్వొచ్చినప్పుడు చూసే ఉంటావు, మా వీధి చివరిల్లు ఆవిడదే, గోడకి ఆనుకుని. గోడంటే ఇంటి గోడ కాదు. వెనక గుట్ట ఉంది కదా, ఆ మట్టి మా మీదకి జారకుండా ఎప్పుడో కట్టిన రాతిగోడ. కట్టినవాళ్ళూ పోయారు, కట్టించినవాళ్ళూ పోయారు, గోడకి మాత్రం కడుపొచ్చింది. నెలలు నిండినదానిలా మధ్యలో ఉబ్బిపోయి, ఎప్పుడు ప్రసవిస్తుందో తెలీకుండా ఉండేది.

అక్క పొద్దున్నే లేచి ముందు చేసే పని, అరచెయ్యి ఆ గోడకి ఆనించి చూడటం. పిల్లలకి జ్వరం చూస్తాం చూడు, అట్లా. పొడిగా ఉంటే మామూలే, బొగ్గులు రాజేసి బల్ల వేసుకునేది. తడిగా ఉంటే మాత్రం బల్లని గుమ్మం బయటికి లాక్కునేది, పరిగెత్తాల్సి వస్తే కాళ్ళకి అడ్డం ఉండకూడదని. ఒక్కోసారి రాళ్ళ సందులోంచి మట్టిగడ్డ ఊడి, అప్పుడే మడతపెట్టిన తెల్లచొక్కా మీద పడేది. "ఉమ్మేసిందమ్మా మళ్ళీ" అని, గోడ వైపు అత్తగారిని చూసినట్టు ఒక చూపు చూసి, చొక్కా మళ్ళీ నీళ్ళలో వేసేది. మా బట్టలే కాదు, బజారు వీధి బట్టలు కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవి. అది గుర్తుంచుకో, తర్వాత కావాలి.

ఆ అక్క తమ్ముడే నువ్వు ఫోటోలో చూసినవాడు. పిడికిలి అంటారు. పుట్టినప్పుడు వాడి పిడికిళ్ళు విడిపోలేదంట, నర్సు ఒక్కో వేలూ పట్టి విప్పాల్సొచ్చిందంట. అమ్మానాన్న తొందరగా పోతే అక్కే పెంచింది. తమ్ముడని పేరే గానీ కొడుకే. స్కూల్లో ఎవడినో కొట్టొస్తే వాడి తరఫున తనెళ్ళి తిట్లు తినేది. పెద్దయ్యాక బస్తాలు మోశాడు, సారా దుకాణం ముందు కాపలా కాశాడు, చివరికి బజారు వీధి కౌన్సిలు మెంబరు దగ్గర చేరాడు. ఏం పని అంటే, మెంబరు పక్కన నిలబడటం. అంతే. ఆ చేతులు చూస్తే ఎవరైనా మాట తగ్గించి మాట్లాడేవాళ్ళు.

మీ ఊళ్ళో కౌన్సిలు ఏ పని ముందు, ఏ పని వెనక అని ఎట్లా తేలుస్తుందో నాకు తెలీదు. మా దగ్గర రాయి తూకం. ప్రతి వీధి మొదట్లో ఒక రాయి ఉంటుంది. వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరు కుమిలినా, అది బరువెక్కుతుంది. పని జరిగి వీధి తేరుకుంటే తేలికవుతుంది. వానలకి ముందు కౌన్సిలు కూర్చున్నప్పుడు ఎవరి రాయి వాళ్ళు మోసుకెళ్తారు. జనం ఒక్కొక్కరూ తమ రాయి మీద చెయ్యేసి కష్టం చెప్పుకుంటారు, మెంబర్లు వింటారు. వింటారంటే, కొందరు వింటారు, కొందరు కళ్ళు తెరుచుకునే నిద్రపోతారు. పర్లేదు, రాయి వింటుంది కదా. అందరూ చెప్పడం అయ్యాక కాటా. ఎవరిది దిగితే వాళ్ళ పని ముందు. సాయంత్రం లోపల ఎవరి రాయి వాళ్ళు ఇంటికి తీసుకుపోవాలి, వదిలేసి పోతే మళ్ళీ ఏడాది ఆ వీధి పేరే తియ్యరు.

ఇంకోటి కూడా అందరికీ తెలుసు. పరాయివాడు కొట్టిన దెబ్బ ఒక బరువు, సొంతవాడు కొట్టింది వేరే బరువు. బేకరీ వీధిలో ఒకడు సొంత నాన్న చెయ్యి విరిచాడు, ఇంటి దగ్గరే, చపాతీ కర్రతో. ఆ ఏడాది ఆ వీధిలో ఇంకేం జరగలేదు, అయినా వాళ్ళ రాయిని లారీలో తెస్తే టైరు పేలింది. వీధికి లైట్లొచ్చాయి. ఆ నాన్న మాత్రం ఆ వెలుతురులో బయటికొచ్చి కూర్చోలేదు ఎప్పుడూ.

నిరుడు వానల్లో మా గోడ ఒక పక్క కూలింది. అక్క ఇంటి పక్కిల్లు ప్లంబరుది. మధ్యాహ్నం, భోజనాల వేళ. ఏదో లారీ బోల్తాపడ్డట్టు చప్పుడైంది. మేం పరిగెత్తేసరికి ఇల్లు లేదు, మట్టి ఉంది. చేతులతో తవ్వాం, గిన్నెలతో తవ్వాం, అక్క తన ఇస్త్రీపెట్టె తిరగేసి దాంతో తవ్వింది. ముందు ప్లంబరు చెయ్యి దొరికింది. చేతిలో ఇంకా స్పానరు ఉంది, వదల్లేదు. భార్య మొహం మీద రాయి పడింది, ఆ సంగతి చెప్పను. ఆ సాయంత్రం మా వీధి రాయి దగ్గరికి వెళ్ళి చూస్తే, కింద బండ పగిలి, మోకాలి లోతుకి దిగిపోయి ఉంది.

ఇక వచ్చే కౌన్సిల్లో మాదే ముందు అనుకున్నాం. ఏడాదికి ఒక పెద్ద పనే చేస్తుంది కౌన్సిలు. గోడ మిగతాది కూడా పడేలోపల కట్టాలి, లేకపోతే వచ్చే వానకి అక్క ఇల్లు, ఆ తర్వాత వరసగా మా ఇళ్ళు. ఇందులో దాచేదేం లేదు, చావో బతుకో అంతే.

బజారు మెంబరుకి ఇంకో లెక్క ఉంది. బజారు రోడ్డు వెడల్పు చేస్తే ఆయన కట్టిన షాపులన్నీ రోడ్డు మొహానికి వస్తాయి. కానీ బజారు వీధి రాయి దూదిలా ఉంది. కొట్లన్నీ బాగా నడుస్తున్నాయి, ఏడ్చేవాడెవడు? మనిషి మెత్తగా మాట్లాడతాడు వదినా, ఆ మెంబరు. ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ, "మన వీధికి కష్టాలు రావాలి కదండీ" అనేవాడంట, పెళ్ళి సంబంధాలు రావాలన్నట్టు.

ముందు సొంతవాళ్ళ మధ్యే గొడవ పెట్టాలని చూశాడు. చెప్పుల కొట్టు అన్నదమ్ముల్ని పిలిచి ఒకడి మీద ఒకడికి చాడీలు చెప్పాడు. వాళ్ళు వాటాల దగ్గర కొట్టుకుంటారు గానీ ఎవడో చెప్తే కొట్టుకుంటారా, ఇద్దరూ కలిసి ఈయనకే దండం పెట్టి పోయారు. అప్పుడు పిడికిలిని పిలిచాడు.

"నీకు ఊరవతల ఇల్లు ఇప్పిస్తా, మీ అక్కని తీసుకెళ్ళిపో" అన్నాడు. "గోడ గురించి నీకేం బెంగ? గోడ కింద మనిషే లేకపోతే గోడ పడితే ఎంత, పడకపోతే ఎంత?"

"ఏం చెయ్యాలి?" అన్నాడు వీడు.

"మా వీధిలో కొందరిని కొట్టు. ఊరికే ఒకటి తగిలించి రావడం కాదు. నోరు మూసుకుని తినే దెబ్బ బరువెక్కదు. ఏడవాలి. ఏడ్చేదాకా కొట్టు."

కొట్టాడు వదినా. ఫోటో స్టూడియో ఆయన పళ్ళు రాలగొట్టాడు, ఆయన కెమెరా స్టాండుతోనే. చెప్పుల కొట్టు పెద్దవాణ్ణి నేల మీద పడేసి పక్కటెముకల మీద నిలబడ్డాడు, తమ్ముడు కాళ్ళు పట్టుకునేదాకా. గడియారాలు బాగుచేసే ఆయన ఉంటాడే, నడిచినా చప్పుడు రాని మనిషి, ఆయన షాపు మూస్తుంటే షట్టరు కింద వేళ్ళు పెట్టించి పైనుంచి తొక్కాడు. మళ్ళీ ఎత్తి మళ్ళీ తొక్కాడు, మొదటిసారి ఆయన ఏడవలేదని. పట్టపగలు, జనం చూస్తుండగా. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డమొచ్చినవాడు తినే దెబ్బకి కూడా రాయి బరువెక్కుతుందని మెంబరు సంతోషిస్తాడు కదా మరి.

అక్కకి ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికుంది? చొక్కాలు చెప్పాయి. స్టూడియో ఆయన చొక్కా కాలర్ మీద రక్తం. చెప్పులాయన బనీను మీద బూటు అచ్చు, ఆ బూట్లు అక్క కొనిచ్చినవే. గడియారాల ఆయన చొక్కాలు అయితే గుండీలు పెట్టినవి పెట్టినట్టే, తల మీంచి లాగేసినట్టు వచ్చేవి. వేళ్ళుంటే కదా విప్పడానికి.

ఆ రోజు నేను అక్కడే ఉన్నా, మా ఆయన ప్యాంటు తీసుకుందామని వెళ్ళి. పిడికిలి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అక్క స్టూడియో ఆయన చొక్కా బల్ల మీద పరిచింది.

"ఈ మరక నీదేనా?" అంది.

"నా చొక్కా కాదు కదా అది."

"మరక గురించి అడిగాను."

వాడు మరక మీంచి చూపు తిప్పుకున్నాడు. "అక్కా, సామాను సర్దుకో. ఊరవతల ఇల్లు చూశాను. కిటికీ తీస్తే గోడ లేదు, గాలే" అన్నాడు.

"నేనొక్కదాన్ని పోతే గోడ ఆగుతుందా?"

"పడనీ. నువ్వుండవు కదా."

"వీళ్ళుంటారు కదరా," అని నన్ను చూపించింది. నాకు ఎటు చూడాలో తెలీక మా ఆయన ప్యాంటు మడత విప్పి మళ్ళీ మడిచా. "ప్లంబరు చేతిలో స్పానరు ఎవరు తీశారో తెలుసా? నేను. ఒక్కో వేలూ విప్పి తీశా. నీ వేళ్ళు కూడా అట్లాగే విప్పారు పుట్టినప్పుడు. ఎందుకు విప్పారా అనిపిస్తోంది ఇప్పుడు."

వాడు లేచి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గోడ మీద ఒక గుద్దు గుద్దాడు. గోడ మట్టి ఉమ్మేసింది, అంతే.

కౌన్సిల్ రోజు వచ్చింది. మా రాయిని గుంటలోంచి తీసి, వీధిలో మగాళ్ళందరూ బొంగులు కట్టి మోసుకెళ్ళారు, చెమటలు కారుతూ, ఒకళ్ళ పాదాలు ఒకళ్ళు తొక్కుకుంటూ. చూస్తే బజారు వీధి రాయి కూడా ట్రాలీ మీద వచ్చింది. చక్రాలు కీచుమంటున్నాయి. మా గుండెల్లో రాయి పడింది, నిజం రాయి బయటుండగానే.

హాలు మేడ మీద. కింద పన్నులు కట్టే కౌంటరు. హాలు మధ్యలో దూలానికి గొలుసులతో వేలాడుతున్న పెద్ద కాటా. చైర్మనమ్మ మనిషి మంచిదే, గొంతు బాగోదు, ఎప్పుడూ ఏదో బిళ్ళ చప్పరిస్తూ గంట కొడుతుంది. "ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. మీ కష్టం మీ రాయి మీదే చెయ్యేసి చెప్పుకోండి. పక్కవాళ్ళ రాయిని తిట్టకండి" అంటూ.

బజారు వాళ్ళు చెప్పారు. స్టూడియో ఆయన చెప్తే సగం అక్షరాలు పళ్ళ సందుల్లోంచి గాలిలా పోయాయి. గడియారాల ఆయన కట్టు కట్టిన చెయ్యి రాయి మీద పెట్టి ఊరుకున్నాడు. ఎవరు కొట్టారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఎవరి పేరు చెప్పాలో వాడు మెంబరు కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు కదా, చేతులు కట్టుకుని. అక్కడే చేశాడు మెంబరు తెలివితక్కువ పని. వాణ్ణి ఇంట్లో ఉండమంటే పోయేది. కానీ అలవాటైపోయింది ఆయనకి, వెనక ఆ చేతులుంటే గానీ మాట పెగలదు.

మా వీధి వాళ్ళం చెప్పాం. నేను కూడా చెప్పా వదినా. గోడకి చెప్పుకున్నట్టుందని ఊరికే అంటామా, గోడ గురించి చెప్పినా అంతే. తర్వాత రెండు రాళ్ళూ కాటా ఎక్కించారు. దూలం మూలిగింది. అటు ఊగింది, ఇటు ఊగింది. బజారు రాయి దిగింది. ఎక్కువ కాదు, బెత్తెడు. బెత్తెడైనా దిగడం దిగడమే.

చైర్మనమ్మ గంట అందుకుంది. అప్పుడు లేచింది ఇస్త్రీ అక్క. తిన్నగా వెళ్ళి మా రాయి మీద చెయ్యేసింది.

"నేనింకా చెప్పలేదమ్మా" అంది.

"చెప్పండి మరి, తొందరగా."

"ఆ బజారు రాయిలో ఉన్న ఏడుపు నిజమే. అబద్ధం కాదు. కానీ అది కావాలని చేయించిన ఏడుపు. చేసింది మా ఇంటి చెయ్యి. ఆ కుర్చీ వెనక నిలబడ్డాడే, వాడు నా తమ్ముడు. చేయించింది ఆ కుర్చీ."

హాలంతా గొల్లుమంది. చెప్పులాయన తమ్ముడు బెంచీ మీంచి లేచాడు. మెంబరు చెమట తుడుచుకుంటూనే, వెనక్కి తిరక్కుండా, "ఆ నోరు మూయించు" అన్నాడు.

పిడికిలి వచ్చాడు. "అక్కా, పద ఇంటికి" అన్నాడు. చెయ్యి పట్టుకుని లాగాడు. ఆవిడ రాయిని వదల్లేదు. "ఎవరి వేళ్ళు విరగ్గొట్టావో వాళ్ళ ముందే చెప్పరా, ఇల్లెవరిస్తానన్నారో చెప్పరా" అంటోంది. గట్టిగా కూడా కాదు, చిన్నప్పుడు పాఠం చెప్పించినట్టు. "అక్కా, ఊరుకో" అన్నాడు. "చెప్పరా" అంది. వాడు కొట్టాడు.

చెంపదెబ్బ అనుకున్నాడేమో వాడు. చెయ్యి విప్పితే కదా చెంపదెబ్బ అవడానికి. దవడ విరిగిన చప్పుడు చివరి బెంచీలో ఉన్న నాకు వినిపించింది, ఎండుకొమ్మ విరిచినట్టు. ఆవిడ పడలేదు. రాయి మీదికి ఒరిగింది. నోట్లోంచి రక్తం, దాంతో పాటు ఒక పన్ను, రాయి మీద పడ్డాయి.

అంతే, దూలం వంగింది. మా రాయి ఉన్న పళ్ళెం నేలకి తగిలింది, తగిలి ఆగలేదు. గొలుసు తెగింది. తెగిన గొలుసు కొరడాలా తిరిగి మెంబరు చెవి కోసుకుపోయింది. గోడకి తగిలి కింద పడ్డాక గానీ అది చెవని మాకు తెలీలేదు. రాయి నేల పగలగొట్టుకుని కిందికి పోయింది. కింద పన్నుల కౌంటరు నుజ్జునుజ్జు. అదృష్టం, గుమాస్తా టీకి వెళ్ళాడు.

ఇక జనం లేచారు. కుర్చీలు, బెంచీలు, బొంగులు, ఏది దొరికితే అది. చెప్పులాయన తమ్ముడు బొంగుతో పిడికిలి వీపు మీద కొట్టాడు, బొంగు చీలిపోయింది. స్టూడియో ఆయన వాడి మొహం మీద తన్నాడు. మా వాళ్ళు కూడా కొట్టారు, అబద్ధమెందుకు. గడియారాల ఆయన మంచి చేత్తో నీళ్ళ కూజా ఎత్తి తల మీద పగలగొట్టాడు. వాడు ఒక్క చెయ్యి ఎత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళలోకి రక్తం కారుతుంటే, అక్కనే చూస్తున్నాడు. నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడ దవడని చీరకొంగుతో కట్టి పట్టుకున్నాం. ఆవిడ వాడి వైపు చూడలేదు.

చైర్మనమ్మ గంట కొట్టీ కొట్టీ, చివరికి బిళ్ళ మింగేసి అరిచింది: "గోడ మొదటి పని. రాసుకోండి. బజారు రోడ్డు తర్వాత. డాక్టర్ని పిలవండి. తర్వాతి విషయం." తర్వాతి విషయం వీధికుక్కలు. నేల మధ్యలో గొయ్యి, కొందరు దాని చుట్టూ కూర్చుని కుక్కల గురించి కూడా మాట్లాడారంట, నేను అప్పటికి ఆస్పత్రిలో ఉన్నా.

సాయంత్రం లోపల రాయి ఇంటికి రావాలి కదా. లేకపోతే గెలిచింది కూడా పోతుంది. మా మగాళ్ళందరూ పట్టుకున్నా కదల్లేదు. క్రేను తెచ్చారు, దాని గొలుసూ తెగింది. పొద్దు వాలుతుంటే పిడికిలి వచ్చాడు. మొహం ఆనవాలు లేదు, ఒక కన్ను మూసుకుపోయింది. ఎవరితో ఏం అనకుండా కిందికి వంగి, రాయి చుట్టూ చేతులేసి, గుండెకి ఆనించుకుని లేపాడు. లేచింది. వాడి ముక్కులోంచి మళ్ళీ రక్తం కారింది, అయినా లేచింది. అట్లాగే నడుచుకుంటూ వచ్చాడు ఊరంతా. వాడి అడుగు పడ్డచోటల్లా రోడ్డు నెర్రెలిచ్చి గుంట పడింది. ఆ గుంటల్లో ఇప్పటికీ నీళ్ళు నిలుస్తున్నాయి, వచ్చే ఏడాది వాటి గురించి ఇంకో వీధి రాయి తెస్తుందేమో.

వీధిలోకి వచ్చాక దించబోయాడు. నేల బీటలు వేసింది, బీట గోడ వైపు పరిగెత్తింది. దించితే గోడ పడుతుంది. మళ్ళీ ఎత్తుకున్నాడు. నిలబడే ఉన్నాడు. మొదటి వాన ఆ రాత్రే మొదలైంది.

పొద్దున మేం వెళ్ళి చూస్తే వాడు గోడ కడుపు దగ్గర ఉన్నాడు. రాయిని ఉబ్బుకి ఆనించి, తన ఒంటితో రాయిని నొక్కిపెట్టి, చెంప తడి గోడకి ఆన్చి. గోడ వెనక గుట్ట మట్టి గుడగుడమంటోంది. రాళ్ళు ఊడి వాడి నెత్తి మీద, భుజాల మీద పడుతున్నాయి. భుజం ఎముక విరిగింది ఒక రాయికి, మేం చూస్తుండగానే. గోడ కదల్లేదు. అంత బరువు అడ్డం పెడితే ఏం కదులుతుంది చెప్పు.

వానలన్నీ అట్లాగే గడిచాయి. కౌన్సిలు మేస్త్రీలు వచ్చి వాడికి రెండు పక్కల్నుంచీ కట్టుకుంటూ వచ్చారు. వీధిలో వంతులేసుకుని తిండి పెట్టాం, చేతులు ఖాళీ లేవు కదా. మొదట్లో నాకు చెయ్యి రాలేదు. ముద్ద నోటికి పెట్టేటప్పుడు అక్క దవడ చప్పుడు వినిపించేది. వాడు తింటూ, "చిన్నక్కా, అక్క తిందా?" అని ఒక్కటే అడిగేవాడు. దవడకి తీగలు కట్టారు, గొట్టంతో పాలు తాగుతోంది అని చెప్పేదాన్ని. నోరు మూసుకునేవాడు, ఇంకో ముద్ద దిగేది కాదు.

గడియారాల ఆయన కూడా వచ్చేవాడు. కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చునేవాడు. ఒకసారి నేనన్నా, "క్షమించేశారా అన్నా?" అని.

"క్షమించడానికి రాలేదమ్మా" అన్నాడు. "చూడ్డానికొచ్చా. నాకు వేరే పనేం మిగిల్చాడు?"

న్యాయమే కదా. ఆయన వేళ్ళు ఇంక అతకవంట.

అక్క ఆస్పత్రి నుంచి వచ్చాక మళ్ళీ బల్ల వేసుకుంది. తమ్ముడు అక్కడే, పిలిస్తే పలికే దూరంలో. ఒక్కరోజు అటు చూడలేదు. డాక్టరు తీగలు తీసేశాడు, మాట్లాడొచ్చన్నాడు. మాట్లాడలేదు. మాతో కూడా సైగలే. పొద్దున్నే గోడ మీద అరచెయ్యి పెట్టడం మాత్రం మానలేదు, వాడి తల పక్కనే పెట్టి చూసి వెళ్ళిపోయేది.

నిన్నటికి గోడ పూర్తయింది. వాణ్ణి వెనక్కి జరిపి, వాడు నిలబడ్డ సందు కూడా పూడ్చేశారు. నున్నగా, నిటారుగా ఉంది, కడుపు లేదు. పని జరిగితే రాయి తేలికవ్వాలి. అందరం చుట్టూ చేరి "దించరా ఇక" అన్నాం. వాడు వంగాడు. నేల మళ్ళీ బీటలు వేసింది. తేలికవ్వలేదు వదినా. గోడ బరువు పోయినట్టుంది, ఇంకో బరువేదో అట్లాగే ఉంది. మేస్త్రీ తల గోక్కుని, "మా పని ఇంతవరకేనండి" అని సామాను సర్దుకున్నాడు. అప్పుడు తీసిన ఫోటోనే నీకు పంపింది. రాయిని ఎత్తుకుని, ఎవరి ఇంటికెళ్ళాలో తెలీనట్టు నిలబడ్డాడు చూడు. పొద్దున కూడా అట్లాగే ఉన్నాడు. ఇప్పుడు కూడా అట్లాగే… ఆగు వదినా.

ఎవరో పిలుస్తున్నారు నన్ను. ఆగు. మాట ముద్దముద్దగా ఉంది, ఎవరి గొంతో… అక్కది. ఇస్త్రీ అక్కది వదినా. కిటికీలోంచి కనిపిస్తోంది. వాడి ముందు నిలబడి, రాయి చుట్టూ బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుతోంది. "చెల్లీ, తొందరగా రా, అటువైపు పట్టుకో, ఒక్కదాన్ని దించలే—" అంటోంది, వస్తున్నా అక్కా, వస్తున్నా, పెట్టేస్తున్నా వది